లింకు డాక్యుమెంట్ల పాండురంగారావు

ఎదుటి మనిషి ముత్తాత పేరు తెలిస్తే గాని పాండురంగారావు గారికి మంచినీళ్ళు దిగవు. ఏలూరులో ముప్పయ్యేళ్ళు రిజిస్ట్రేషన్ కాగితాలు తిరగేసి రిటైరైన మనిషి మరి. "లింకు డాక్యుమెంట్లు చూడకుండా స్థలమే కొనం కదండీ, స్నేహం ఎలా చేస్తాం?" అంటారు.

ఆయన పక్కన నడవడమంటే భార్య నిర్మల గారికి ప్రాణసంకటం. ఆటో ఎక్కగానే డ్రైవర్ మదార్‌తో మొదలు.

"మదార్ గారూ, మీ ముత్తాత గారి పేరేంటండీ?"

"పవర్‌పేట స్టేషన్‌కన్నారు కదండీ. దారిలో ఆయన తగలరండీ."

నిర్మల గారు చెంగుతో మొహం కప్పేసుకున్నారు. తాడేపల్లిగూడెంలో పళ్ళ డాక్టర్ని, తన నోట్లో దూది ఉండగానే అడిగారు. ఆయనకి అర్థంకాక, నొప్పి అక్కడేమోనని పక్క పన్ను కూడా పీకబోయాడు.

అలాంటాయన చేతికి గణపవరంలో సోరెన్ చిక్కాడు. చేపల చెరువుల్లో యంత్రాలు బిగించడానికి డెన్మార్క్ నుంచి వచ్చిన ఇంజనీరు. ముత్తాత పేరడిగితే, ఇక్కడ నేర్చుకున్న తెలుగులోనే నవ్వుతూ చెప్పేశాడు. "తెలీదండీ. వెనకెప్పుడో ఓడ కెప్టెన్ ఒకాయన ఉండేవాడంటుంది మా అమ్మ."

పాండురంగారావు గారికి రెండ్రోజులు పెరుగన్నం సహించలేదు. "అంత ఎత్తు మనిషికి వెనకాల ఎవరూ లేకపోవడమేంటే!"

ఆ దేశం చర్చి రిజిస్టర్లు కంప్యూటర్లో దొరుకుతాయని తెలిసింది. సోరెన్ దగ్గర వాళ్ళ తాత పేరు పట్టుకుని, ఇక ఆర్నెల్లు భూతద్దంతోనే కాపురం. పాత కరణాల రాత చదివిన కళ్ళకి ఆ కోడిగీతలు ఓ లెక్కా? మాటలకి అర్థం కంప్యూటరే చెప్పేది. ఒక్కచోటే గింజుకున్నారు. "హాన్స్ కొడుకు యెన్స్ హాన్సెన్‌ట. ఆ యెన్స్ కొడుకేమో యెన్సెన్‌ట. తరానికో ఇంటిపేరైతే వీళ్ళ పొలాలకి లింకు డాక్యుమెంట్లు ఎలాగే నిర్మలా?"

సోరెన్ తల్లి కొడుకుని చూడ్డానికొస్తే, ఇద్దర్నీ భోజనానికి పిలిచారు. ఆ పొద్దున్నే గదిలోంచి కేక.

"కెప్టెన్ దొరికాడు! 1843! ఓడా లేదు, తెడ్డూ లేదు. బాతుల దొంగ! మూడు నెలలు జైలు!"

నిర్మల గారు గరిటెతోనే పరిగెత్తారు. వెళ్ళి చూస్తే నిజంగానే తెరమీద పేజీ. "ఏవండీ, మీకు దణ్ణం పెడతాను. ఇంటికొచ్చిన పెద్దావిడ ముందు పరువు తీయకండీ."

ఆయన ప్రింటు తీసే హడావుడిలో ఉన్నారు.

కొర్రమీను పులుసు కారానికి కళ్ళు తుడుచుకుంటూ సోరెన్ తల్లి అడగనే అడిగింది, సోరెన్ తెలుగులో చెప్పాడు. "మా కెప్టెన్ సంగతి ఏమైనా దొరికిందాండీ?"

నేల విచ్చితే దూరిపోదామనిపించింది నిర్మల గారికి.

పాండురంగారావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏడు తరాల పేర్లు దొరికాయమ్మా. ఆయన ఏం చేసేవారో రాసిన పేజీ మాత్రం చిరిగిపోయింది. కెప్టెనే అయ్యుంటారు."

పేర్ల కాగితం గుండెకి హత్తుకుని వెళ్ళిందావిడ.

"పేజీ శుభ్రంగానే ఉంది కదండీ?" గిన్నెలు తీస్తూ అడిగారు నిర్మల గారు.

"అలాంటి పేజీలు చిరుగుతుంటాయి నిర్మలా. మీ తాతగారిది కూడా చిరిగింది."

నిర్మల గారు గిన్నె కింద పెట్టేశారు. పెళ్ళిచూపుల్లో, తాతగారు ఒకప్పుడు ఆర్నెల్లు కాశీలో ఉన్నారని గొప్పగా చెప్పారు వాళ్ళ నాన్న. ఉన్నది రాజమండ్రి జైల్లో. కొల్లేట్లో పక్కవాళ్ళ వలలు ఎత్తుకొచ్చినందుకు.

"మీకెప్పుడు తెలిసిందండీ?"

"పెళ్ళికి ముందే. అయినా కాశీ వెళ్ళొచ్చినవాళ్ళ పిల్లంటే మా అమ్మకి మహా ఇష్టం కదా."

ముప్పై రెండేళ్ళ కాపురంలో ఈయన్ని చూసి సిగ్గుపడ్డావిడకి, తొలిసారి తనని చూసి తనకే సిగ్గేసింది.

మర్నాడు ఆటోలో, ఆయన నోరు తెరిచేలోపే నిర్మల గారు ముందుకి వంగారు.

"మదార్ గారూ, ఆ ముత్తాత గారి పేరేదో చెప్పేయండి. ఏమున్నా పరవాలేదు, ఈయన దగ్గర ఆ పేజీ చిరిగిపోతుంది."

మదార్ బండి పక్కకి తీసి ఆపేశాడు.

"అమ్మా, మీరు కూడానాండీ?"