మామ్మ కారు, నా స్క్రూడ్రైవరు

ఆ రోజుల్లో మెకానికల్ ఇంజనీర్ అనిపించుకోవడానికి చేతికి మసి అంటాల్సిన పనే లేదు. పరీక్షలో కార్బురేటర్ బొమ్మ గీసి, బాణాలు పెట్టి, ఇటు గాలి, అటు పెట్రోలు అని రాస్తే చాలు. నా బొమ్మను మా లెక్చరర్ క్లాసంతా తిప్పి చూపించారు. (అసలు కార్బురేటర్‌ను ఆయన చూపించనూ లేదు, నేను అడగనూ లేదు.) ఆ తర్వాత అమెరికాలో, షికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, పిన్ని వాళ్ళింట్లో ఉంటూ ఆ బొమ్మను హాయిగా మర్చిపోయాను.

పక్కింటి అమెరికన్ పెద్దావిడకు మేం పెట్టుకున్న పేరు గులాబీల మామ్మ. పడుచు వయసులో కొనుక్కున్న నీలం కారును ఏటా ఊరి పరేడ్‌లో ఆవిడే నడిపేది. కిందటేడు అది నడిరోడ్డున ఆగిపోతే, వెనకాల బ్యాండువాళ్ళు బాకాలు చంకన పెట్టుకుని తోశారట. ఈసారి ఆగితే అమ్మేద్దామన్నాడట కొడుకు. పరేడ్ రోజు పొద్దున ఆవిడ ఇది చెప్పి కళ్ళు తుడుచుకుంటే పిన్ని ఉండబట్టలేకపోయింది.

"డోంట్ వర్రీ! మా అమ్మాయి మెకానికల్ ఇంజనీర్. షీ విల్ ఫిక్స్ ఇట్!"

"పిన్నీ, నాకు రాదు!" అన్నాను తెలుగులో.

"మరి నాలుగేళ్ళూ ఏం చదివావే?" అంది పిన్ని, మామ్మ వైపు నవ్వుతూనే.

బానెట్ ఎత్తి, ఇంజన్ వేడెక్కనిచ్చాను. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే ఆరిపోతోంది కాబట్టి, వేగం పెంచే స్క్రూను ధైర్యంగా బిగించాను. ఇంజన్ గర్జించింది. "వండర్‌ఫుల్!" అంటూ మామ్మ గేర్ వేసిందో లేదో, కారు ఒక్క గెంతు గెంతి గులాబీల్లో దూరింది.

"చదివింది చాల్లే, ఇవతలికి రా!" అని పిన్ని అరిచింది.

అప్పుడు గుర్తొచ్చింది, నా బొమ్మలో అడుగున గీసిన చిన్న స్క్రూ. గాలిలో పెట్రోలు ఎంత కలవాలో చెప్పేది అదే. (నేను దాన్ని అందం కోసం గీశాను.) నెమ్మదిగా లోపలికి తిప్పితే ఇంజన్ ఎక్కిళ్ళు పెట్టింది. భయపడి కొంచెం కొంచెంగా బయటికి తిప్పాను. ఎక్కడో ఒకచోట, నా వేళ్ళ కింద, ఆ దగ్గూ వణుకూ ఆగిపోయి, అంత ఇనుమూ నిద్రపోతున్న పసిపాపలా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. మొదటి స్క్రూ వదులుచేసి వేగం తగ్గించాను, అయినా ఆరిపోలేదు. కాగితం మీద గీసిన బాణాల వెంట నిజంగానే గాలి నడుస్తోంది!

తిడుతున్న పిన్ని మాట మధ్యలోనే ఆపేసి, "ఏం చేశావే?" అంది గుసగుసగా.

"ఏమో పిన్నీ," అన్నాను నిజాయితీగా.

మామ్మ ముందు సీటు తలుపు తీసి, కూర్చోమని నాకు సైగ చేసింది.

పరేడ్‌లో పెద్ద కూడలి దగ్గర చాలాసేపు ఆపారు. కారు ఆగింది గానీ ఇంజన్ ఆగలేదు. పేవ్‌మెంట్ మీద నుంచి కొడుకు రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. మామ్మ హారన్‌తో జవాబిచ్చింది.

ఇప్పుడు నేను నడిపేది కరెంటు కారు, దానికి ఇంజనే లేదు. ఆగినా, కదిలినా ఒకటే మౌనం. అయినా ఆ రోజు, ఊరు ఊరంతా చేతులూపుతుంటే, ముక్కు మీద మసితో, కళ్ళు మూసుకుని ఇంజన్ చప్పుడు వింటూ కూర్చున్న ఆ అమ్మాయి తలపుకొస్తే, ఎందుకో ఇప్పటికీ ముద్దొస్తుంది నాకు.