ధర్మవరం సూదులు, మా ఊరి చెక్కలు

చిలమత్తూరులో ఉదయం ఆరున్నర బస్సెక్కేటప్పటికి, నా కుడిచెయ్యి భుజం దాకా లేవడం మానేసి నాలుగు నెలలైంది. అన్నం, ఫోను అన్నీ ఎడమచేత్తోనే. వచ్చే కార్తీక సోమవారం మా ఊరి చెక్కభజనలో నేనే ముందుండి ఆడించాలి. పదహారేళ్లుగా ఆ చోటు నాది. చెక్కలు తలపైకెత్తి తాళం వెయ్యలేనివాడు ఆ చోటులో ఎట్లా నిలబడతాడు? మాత్రలు, తైలాలు అన్నీ అయ్యాక, ధర్మవరంలో ఒక డాక్టరమ్మ ఆక్యుపంక్చర్ చేస్తుందని విన్నాను. కళ్లెదుట ఉంటే ఏడుపొస్తోందని, చెక్కలను మా ఆవిడ చేత అటక మీద పెట్టించి బయలుదేరాను.

హిందూపురం స్టేషన్ బయట నిమ్మకాయ చిత్రాన్నం తిని ఎనిమిదింటి రైలెక్కాను. పెనుకొండలో రొద్దం ఊరి అవ్వ ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది.

"యాడికి పోతాండావు నాయనా?"

"ధర్మవరం అవ్వా, సూదులు గుచ్చించుకోను. మందుండదు, ఉత్త సూదులే."

"దానికి రైలెందుకప్పా? మా చేన్లో తుమ్మముండ్లు కావాల్సినన్ని ఉండాయి!"

రైలుపెట్టెంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఎడమచేత్తో కుడి భుజం ఒకసారి తడుముకున్నాను.

ధర్మవరంలో దిగి, పదిన్నరకు డాక్టరమ్మ దగ్గర మంచమెక్కాను. వెళ్లాలనుకునేవాళ్లు తిని వెళ్లండి, ఖాళీ కడుపుతో గుచ్చరు. నొప్పి భుజంలో ఉంటే ఆమె కాలిలో కూడా గుచ్చింది! చీమ కుట్టినంతైనా లేదు.

"కళ్లు మూసుకోండి. ఒంటి మీద చల్లగా వాన పడతాండాదనుకోండి. ఆ వానకు నొప్పి కరిగిపోతాండాది" అంది.

చెప్పినట్టే మనసులోకి వాన తెచ్చుకున్నాను. మంచి వాన. మరుక్షణమే, చేన్లో పీకి ఆరేసిన శనక్కాయ గుర్తొచ్చింది.

"అమ్మా, వాన ఆపండి! కాయ తడిసిపోతాండాది!" అని లేవబోయాను. సూదులన్నీ ఊగాయి. పక్క మంచం మీద పడుకున్న నేతపని ఆయన, మెడనిండా సూదులతో, "నవ్వించొద్దప్పా, గుచ్చుకుంటాండాయి!" అని మొత్తుకున్నాడు.

డాక్టరమ్మ నవ్వాపుకొని, "అయితే ముందు కాయ ఇంటికి చేర్చుకోండి. వానను తర్వాత పిలుద్దాం" అంది.

మనసులోనే కాయ విడిపించి మూటలు కట్టాను. ఒక్కొక్కటే భుజానికెత్తుకుని ఇంట్లో పేర్చాను. అలవాటుగా కుడి భుజమే. బరువు తెలుస్తోంది గానీ నొప్పి లేదు! చివరి మూట దించి, తలుపేసి, "ఇప్పుడు రానీమ్మా వాన" అన్నాను. వచ్చింది. హాయిగా తడిసి నిద్రపోయాను, గురక కూడా పెట్టానట.

లేచాక డాక్టరమ్మ చెయ్యెత్తమంటే, ఇంటికి పోయి చూసుకుంటానని తప్పించుకున్నాను. లేవకపోతే? ఇంకో నాలుగుసార్లు రావాలని చెప్పి పంపింది.

నాలుగింటి రైలు పెనుకొండ చేరేసరికి నిజంగానే వాన దిగింది. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ కుర్రాళ్లు తడుస్తూ ఎక్కారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంటికి ఫోన్ కొట్టాను. మా ఆవిడ ఎత్తింది.

"కాయ లోపలికి చేర్చినారా?"

"ఎప్పుడో చేర్చినాం. నీ చెయ్యెట్లుండాది?"

అప్పుడు చూసుకున్నాను. ఫోను నా కుడిచేతిలో, కుడి చెవికి ఆనించి ఉంది. సూదులు చేశాయో, మనసులో మోసిన మూటలు చేశాయో నాకు తెలియదు. సంతోషం పట్టలేక పెట్టె అదిరేలా కేకేశాను.

"లేస్తాండాదే! అటక మీద నా చెక్కలు దించి పెట్టు!"

"నేనెందుకు దించేది? లేస్తాండాదంటివి కదా, నువ్వే వచ్చి దించుకో!"