యారాలి షార్ట్‌కట్

పటాన్‌చెరులో మాకు స్టిక్కర్లు వేసే చిన్న షాపుంది. ఫ్యాక్టరీ డబ్బాల మీద అంటించే స్టిక్కర్లకు, ఎక్కడ కోయాలో తెలిసేలా, నాలుగు మూలలా గీతలు పెట్టడం నా పని. కంప్యూటర్లో ఒక్కో గీతా చేత్తో పెట్టేదాన్ని. "మా ఇంటామె పెట్టిందంటే వెంట్రుకంత గూడ జరగది" అని మా ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

ఆ మాట యారాలు వచ్చేదాకే. ఆమె మా మరిది పెళ్లాం. గీతలన్నీ దానంతటదే వేసే స్క్రిప్టు ఒకటి తెచ్చి, దాన్ని రెండు బటన్లకు కట్టింది. కంట్రోల్ పట్టుకుని కె నొక్కితే షీటంతా గీతలే. ఇక మా ఆయన నోట "మరదలేది?" తప్ప మాట లేదు. పెళ్లి స్టిక్కర్ల మీద తెలుగు పేర్లు కొట్టే పని నాకు మిగిలింది. ఇంట్లో అందరికీ అన్నం వడ్డిస్తూ కూడా ఆమె వేళ్లనే చూసేదాన్ని.

ఒకరోజు ఆమె పోతిరెడ్డిపల్లికి, తల్లిగారింటికి పోయింది. అప్పుడే అర్జెంటు పని వచ్చింది. నేనే కూర్చుని ఆ బటన్లు నొక్కాను. ఏమీ కాలేదు. కావాలనే చెడగొట్టి పోయిందని ఒళ్లు మండి ఫోన్ చేశాను.

"ఏందే, తాళమేసుకొని పోయినవా?"

"అయ్యో అక్కా, పొద్దున పెండ్లి పేర్లు కొట్టినవు గదా. కీబోర్డు ఇంకా తెలుగులనే ఉన్నట్టుంది, అట్లుంటే కె నొక్కినా కె పడది. ఇంగ్లీషుకు మార్చి నొక్కు."

మార్చి నొక్కాను. రెప్పపాటులో గీతలు పడ్డాయి. షీటు లోపలి గదిలో మా ఆయన నడిపే మెషిన్‌కు పంపాను.

లోపలినుంచి మా ఆయన సంతోషంగా కేకేశాడు. "గింత జల్దీనా! మరదలు వచ్చిందా ఏంది?"

"ఆఁ, వచ్చింది! ఇయ్యాల అన్నం గూడ ఆమెనే పెడ్తదంట, తిను పో!"