అద్దాల పెట్టె

కంప్యూటర్లు బిగించే ఆ మెకానిక్‌ను దుకాణంలో అందరూ ‘చిటపట’ అనే పిలుస్తారు. స్క్రూడ్రైవర్ చెవి మీద, బ్రష్ చొక్కా జేబులో, కోపం ముక్కు మీద. ఇరవై ఏళ్లుగా మూసిన రేకు పెట్టెల్లో, ఎవరి కంటా పడకపోయినా, తీగల్ని జడల్లా అల్లి కట్టడం అతని అలవాటు. ఒక టీచరమ్మ వచ్చి తన కంప్యూటర్‌ను పెద్ద అద్దాల పెట్టెలోనే బిగించాలనేసరికి అతనికి ఒళ్లు మండింది. “చెయ్యి బాగా దూరుతుంది, లోపల గాలి ఆడుతుంది, కాదనను. కానీ మోయలేక చస్తామమ్మా! దుమ్ము పడితే వచ్చినవాళ్లందరికీ కనిపిస్తుంది. అద్దం అంచు టైల్స్‌కి తగిలిందా, పొడిపొడే! వద్దు!” అని కసిరాడు. “నాకదే కావాలి” అందామె.

గొణుక్కుంటూనే రెండు రోజులు కూర్చున్నాడు. నేల మీద దుప్పటి పరిచి అద్దాన్ని దానిమీద పడుకోబెట్టాడు. నచ్చని ముడినల్లా విప్పి మళ్లీ కట్టాడు. ఆఖరికి తనే ఆమె ఇంటికి మోసుకెళ్లి, బల్ల మీద పెట్టి, అద్దం మీది వేలిముద్రలు చొక్కా అంచుతో తుడిచి స్విచ్ వేశాడు. లోపలి దీపాలు వెలిగాయి. “అబ్బా, కళ్లల్లో కొడుతోందయ్యా!” అంటూ ఆమె అద్దం వైపును గోడకేసి తిప్పేసింది.

చిటపట మొహం జేవురించింది. “రెండు రోజులు జడలేసింది గోడకు చూపించడానికా?”

“అద్దం వద్దన్నది నువ్వేగా!” అని ఆమె తెల్లబోయింది.

“వద్దనే అన్నాను!” అని అరిచాడతను, పెట్టెను మళ్లీ ఇటు తిప్పుతూ.