అవ్వ తాగిన చేపల నీళ్ళు

మలేరియా పనిమీద నన్ను గోరంట్ల వైపు పల్లెలకు వేసినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. పంతొమ్మిది వందల యాభైల చివరి రోజులవి. ఇళ్ళ గోడలకు మందు కొట్టించడం, దోమపిల్లల్ని తినే చిన్న చేపల్ని బావుల్లో వదలడం నా పని. మందుకు ఎవరూ అడ్డం చెప్పలేదు. చేపల దగ్గరే, ఒక పల్లెలో గొడవ వచ్చింది.

ఆ పల్లెలో రెండేళ్ళుగా సరైన వాన లేదు. మూడు బావుల్లో రెండు ఎండిపోయాయి. మిగిలినదాని దగ్గరికి నేను చేపల కుండతో వెళ్ళేసరికి ఆడవాళ్ళు బిందెలు అడ్డం పెట్టి నిలబడ్డారు. అందరికంటే ముందు ఒక అవ్వ. బావికి ఎదురిల్లు ఆమెది. గొర్రెలు మేపుకునే కుటుంబం.

“ఉండేది ఈ ఒక్క బాయి. నీ చాపలు దాంట్లోనే సస్తాయి, దాంట్లోనే కుళ్ళుతాయి. ఆ నీళ్ళు మీ అమ్మకు తాపుతావా?” అంది.

రోషంకొద్దీ నోటికొచ్చింది అనేశాను. “అద్దాల తొట్టిలో పెట్టి చూపిస్తా అవ్వా. పదైదు దినాలు నీళ్ళు మార్చను. చెడిపోతే చాపల్ని తీసుకోని పోతా.”

“అట్లయితే నా అరుగు మీద పెట్టు. నా కండ్ల ముందర ఉండాల.”

అలాంటి తొట్టిని శిక్షణలో ఒక్కసారి చూశానంతే. పటాలు కట్టే ఆయన దగ్గర అద్దాలు కోయించి, రేకు చట్రంలో నిలబెట్టి, సందులకు లప్పం కూరాను. మొదటిసారి నీళ్ళు పోస్తే ఒక మూల కారిపోయింది. అక్కడ మళ్ళీ లప్పం పెట్టి నాలుగు రోజులు ఆరబెట్టాను. అడుగున ఎండిన చెరువులోని ఒండ్రుమట్టి, దానిమీద బాగా కడిగిన ఏటి ఇసుక పరిచాను. ఇసుక కడిగిన నీళ్ళు కూడా పారబోయనివ్వలేదు అవ్వ, గొర్రెలకు పట్టుకుపోయింది. చిత్రావతి ఏటి మడుగులో దొరికిన నాచునూ, రిబ్బన్లలాంటి ఆకులున్న నీటి మొక్కల్నీ తడి గోతాంలో చుట్టి తెచ్చి వేళ్ళతో ఇసుకలోకి నాటాను. మట్టి లేవకుండా ఒక పళ్ళెం పెట్టి, దానిమీద మెల్లగా నీళ్ళు పోశాను. మొక్కలు కుదురుకునేదాకా చేపల్ని వదలకూడదని నేర్పారు. కానీ అందరూ చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఆగలేక ఆ రోజే తొమ్మిది చేపల్ని వదిలేశాను.

మూడో రోజుకు నీళ్ళు బియ్యం కడుగులా తెల్లగా మారాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఒక చేప అప్పటికే వెల్లకిలా తేలింది. అవ్వ గొర్రెల దొడ్లో ఉంది. అటూ ఇటూ చూసి, దాన్ని తీసి జేబులో వేసుకున్నాను.

అవ్వ వచ్చింది. అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూసింది.

“తొమ్మిదిట్లో ఒకటి ల్యాదే. యాడికి పోయింది?”

“మొక్కల సందులో ఉంటాదిలే.”

“నీ జేబు తడిసిండాది చూడప్పా.”

చేపను తీసి ఆమె ముందు పెట్టాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. “సచ్చిందని చెప్పింటే ఒక మాట. దాచినావు కదా!” అని లోపలికి వెళ్ళిపోయింది. ఊరందరికీ చెప్పేస్తుందని ఆ పూటంతా వణికాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడమే నాకు ఎక్కువ భయం పుట్టించింది.

ఆ తర్వాత నేను చేసిందేమీ లేదు. వాడిన ఆకులు తీసేశాను. ఎండ నేరుగా పడకుండా తడిక కట్టాను. రోజూ పొద్దున్నే వెళ్ళి, ఎనిమిదీ ఉన్నాయా లేదా అని లెక్కపెట్టేవాణ్ణి. వారం దాటాక నీళ్ళు తేటబడ్డాయి. నాచు కొత్త చిగుళ్ళు వేసింది.

పదిహేనో రోజు ఆడవాళ్ళందరూ అరుగు దగ్గర చేరారు. నేను లోటా ముంచి తాగబోయాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వు తాగితే ఏం తెలుస్తాది? కడుపునొప్పి వచ్చినా దాచిపెట్టేవోడివి. ఇట్లియ్యి.”

నేను వద్దనేలోగా గటగటా తాగేసింది.

ఆ పగలు నాకు గడవలేదు. మిగతా ఊళ్ళ పని వదిలేసి ఆమె ఎదురుగా కూర్చున్నాను. డెబ్బై ఏళ్ళ మనిషి. నేను చేపను దాచకపోయి ఉంటే ఆ లోటా నాదే. ఆమె దగ్గినా, లేచి గోడ పట్టుకున్నా నేనూ లేచి నిలబడేవాణ్ణి.

“ఏమప్పా, ముసల్ది సస్తాదేమో అని చూస్తాండావా?”

“లేదవ్వా,” అన్నాను. మళ్ళీ అబద్ధమెందుకని, “అవునవ్వా. బయమైతాండాది,” అన్నాను.

“ఆ మాట ముందే నేర్చుకోని ఉండాల్సింది,” అని రాగిముద్ద తెచ్చి నా ముందు పెట్టింది. తనూ తింది.

మర్నాడు తెల్లవారగానే పరుగులాంటి నడకతో వెళ్ళాను. ఆమె అప్పటికే గొర్రెల వెనక గుట్ట ఎక్కుతోంది.

ఆ రోజే కుండలోని చేపల్ని బావిలోకి దించాను. ఎవరూ అడ్డం రాలేదు, కానీ ఎవరూ నీళ్ళు చేదలేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా గిలక కదలలేదు. చివరికి చంకలో పసిబిడ్డతో ఒకామె వచ్చింది. నీళ్ళు చేది, బిందె మూతికి కొంగు కప్పి, వడగట్టుకుని వెళ్ళిపోయింది.