నెమ్మదిగా పోతే దగ్గే కారు

మొన్న నెహ్రూ నగర్ చౌక్ దగ్గర రెడ్ సిగ్నల్ పడింది. మా అమ్మాయి తన కొత్త కారు ఆపిందో లేదో, ఇంజను చడీచప్పుడూ లేకుండా ఆగిపోయింది. నేను సీటు అంచు గట్టిగా పట్టుకుని "వెనక లారీ ఉందే, స్టార్ట్ చెయ్యి!" అని అరిచాను. అది తాపీగా నవ్వి, "అరే మమ్మీ, ఖుద్ బంద్ హోతా హై, దానంతటదే ఆగుతుంది. పెట్రోలు బచాయించడానికి. గ్రీన్ పడనీ, చూడు" అంది. గ్రీన్ పడింది, బండి కదిలింది. లారీవాడు హారన్ కొట్టలేదు, ఎవరూ మా అమ్మాయి కాలి వంక చూడలేదు. నేను మాత్రం ఇల్లు చేరేదాకా సీటు అంచు వదల్లేదు. ఇంజను ఆగితే బానెట్ ఎత్తే ముందు ఆడదాని కాలి వంక చూసే మనుషుల మధ్య నేను ఒక వర్షాకాలమంతా గడిపాను.

అప్పుడు మేము రుఆబాంధాలో ఉండేవాళ్ళం. మా మావగారు ఉక్కు ప్లాంటులో రిటైరయ్యాక ఎవరి దగ్గరో ఒక పాత కారు కొన్నారు. ఒకప్పుడు అది మీగడ రంగు. మా ఇంటికి వచ్చేసరికే చిమ్నీల ధూళి పట్టి బెల్లం టీ రంగుకి తిరిగింది. ఆయనకి కంట్లో శుక్లాలు వచ్చి చూపు తగ్గడంతో నడపడం నా వంతయింది. పెళ్ళికి ముందే మా అన్నయ్య దగ్గర నేర్చుకున్నాను కాబట్టి బాగానే నడిపేదాన్ని. ఆ ఏడు వానల ముందు నందిని మైన్స్ కాలనీలో ఉండే మా అక్క స్నానాలగదిలో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. కాలికి పెద్ద కట్టు వేసి మంచం మీద పడుకోబెట్టారు. మా బావ పొద్దున్నే గనికి పోవాలి. వాళ్ళకి పిల్లలు లేరు. పనిమనిషి గిన్నెలు తోమి వెళ్ళిపోతుంది. అందుకని మా పిల్లల్ని బడికి పంపగానే నేను కారు తీసుకుని వెళ్ళి, అక్కకి ఒళ్ళు తుడిచి, తల దువ్వి జడ వేసి, బట్టలు మార్చి, తిండి తినిపించి, బడి వదిలే వేళకి ఇంటికి వచ్చేదాన్ని. బస్సు ఉండేది, కాని అది దారిలో ఉన్న ఊళ్ళన్నీ పలకరించుకుంటూ పోయేది. దాన్ని నమ్ముకుంటే పిల్లలు తాళం వేసిన గుమ్మం ముందు కూర్చోవాలి. కారు ఉంటే అక్కకి నేనున్నట్టు, లేకపోతే లేనట్టు. అంతే లెక్క.

అలాంటి సమయంలో కారుకి దగ్గు పట్టుకుంది. నందిని రోడ్డు మీద వేగం అందుకుంటే సాఫీగా పోయేది. మలుపు తిరగడానికో, గేదెలు అడ్డం వచ్చాయనో, స్పీడ్‌బ్రేకర్ వచ్చిందనో నెమ్మదించామా, ఒళ్ళంతా కుదిపేసుకుంటూ రెండు సార్లు దగ్గి చచ్చిపోయేది. ఒకరోజు టౌన్‌షిప్పులో మా సెక్టారు మలుపులో అలా ఆగితే వెనక నుంచి స్కూటరు వచ్చి గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ రాత్రి కంచాల ముందు మా మావగారు తీర్పు చెప్పారు. "అమ్మాయ్, బండికేటీ లేదు. నీ కాలే. క్లచ్చి మీద కాలేసుకుని కూకుంటావు. బాగయ్యేదాకా తాళం నా దగ్గరుంటాది." బండికి ఏమీ లేకపోతే బాగయ్యేదేమిటని అడగాలనిపించింది. మర్నాడు ఆయనే కళ్ళు చిట్లించుకుంటూ వీధి చివరిదాకా నడిపారు. ఆయన కాలి కింద కూడా ఆగిపోయింది. ఇంటికి తోయించుకుని వచ్చి, "నీ కాలికి అలవాటు పడిపోనాది" అన్నారు. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "నాన్న చూస్తున్నారు కదా" అన్నారు. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ మర్నాటి నుంచి మా వాకిట్లో సభ మొదలైంది. మా ఊళ్ళో రిటైరైనవాళ్ళకి జబ్బు మనిషికి వచ్చినా మోటారుకి వచ్చినా ఒకటే వైద్యం. ప్లాంటులో ఎవరు ఏ షాపులో, అంటే ఏ విభాగంలో, పనిచేశారో ఆ షాపు రోగమే కనిపిస్తుంది. పక్కింటి పెద్దాయన బొగ్గు కాల్చి గ్యాసు తీసే కోక్ ఓవెన్లలో చేశారు. ఆయన బానెట్ లోకి ముక్కు పెట్టి, "ఇది గ్యాసు ప్రెజరే బావగారూ, లైన్లో కచరా అడ్డుపడింది" అన్నారు. ట్యాంకు దింపి, పెట్రోలంతా నా బట్టలు నానబెట్టే బకెట్లోకి వంచారు. ఎదురింటాయన కరెంటు మనిషి. "గ్యాసూ లేదు, గీసూ లేదు. స్పార్కు వీకు" అని ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సరు అన్నీ మార్పించారు. దగ్గు అలాగే ఉంది. రోజూ అదే తంతు. పది గంటలకి టీ, పదకొండుకి మళ్ళీ టీ. కారు మడ్‌గార్డు మీద గ్లాసుల గుండ్రటి మరకలు. గుట్కా ఉమ్మి నా తులసి కుండీ పక్కన. నల్లటి చేతులు తుడుచుకోవడానికి తీగ మీద ఆరేసిన నా లంగాయే దొరికేది. ఇంటినిండా పెట్రోలు కంపు, పప్పులో కూడా అదే వాసన. మధ్యాహ్నం అందరూ లేచి వెళుతూ, "క్లచ్చి కూడా చూసుకోమ్మా" అని నాకో సలహా పారేసేవారు. అక్కడ మా అక్క గోడవైపు చూస్తూ పడుకుని ఉండేది.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను. కాని సెక్టారు లైబ్రరీలో నేను ముట్టుకోని అలమరా లేదని గర్వంగానే చెబుతాను. మోటార్ల అలమరా మాత్రం అప్పటిదాకా తెరవలేదు. అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు పుస్తకం, పక్కన డిక్షనరీ పెట్టుకుని కూర్చున్నాను. అర్థమయ్యేకొద్దీ నాకు ఆకలి కూడా తెలియలేదు. ఇంజను గాలిని పీల్చుకుంటుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు, గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటరు తలుపు దాదాపు మూసి ఉంటుంది కాబట్టి లోపల పీల్పు మరీ గట్టిగా ఉంటుంది. అప్పుడు కార్బురేటరుకి దిగువన ఏ సందున్నా అందులోంచి దొంగగాలి దూరి పెట్రోలు పలచనైపోతుంది, ఇంజను దగ్గుతుంది. వేగం మీద అసలు గాలే బోలెడు పోతుంది కనుక ఈ దొంగగాలి లెక్కలోకి రాదు. మా కారు జాతకం రాసినట్టే ఉంది. ఆ పుస్తకంలోనే ఇంకో మాట ఉంది: రోగం మొదలవడానికి ముందు చివరిసారి ఏది విప్పారో అడగండి అని. మా వాకిట్లో అంతమంది కూర్చుని అన్ని టీలు తాగారు గాని, ఆ ఒక్క ప్రశ్న ఎవరూ వేయలేదు. వానల ముందు మా మావగారు కార్బురేటరు విప్పి కడిగారు. అది నాకు గుర్తుంది, ఎందుకంటే కడిగింది నా ఇడ్లీ గిన్నెలో.

మర్నాడు సభ నిండుగా ఉన్నప్పుడు నా కుట్టు మిషను నూనె డబ్బా పట్టుకుని వెళ్ళాను. దానికి సన్నటి పొడుగు ముక్కు ఉంటుంది. "మావగారూ, ఒక్కసారి స్టార్ట్ చేసి వదిలెయ్యండి" అన్నాను. ఇంజను ఎప్పటిలాగే ఎగిరిపడుతూ దగ్గడం మొదలుపెట్టింది. కార్బురేటరు కింద అతుకు చుట్టూ నాలుగు చుక్కలు వదిలాను. దగ్గు ఠక్కున ఆగింది. ఇంజను బుద్ధిమంతురాలిలా తిరిగింది. నూనె లోపలికి పీల్చుకుపోగానే మళ్ళీ దగ్గు. మళ్ళీ వేశాను, మళ్ళీ ఆగింది. కరెంటాయన, "ఏటమ్మా ఇది, మంత్రమేటి?" అన్నారు. "మీరు ప్లగ్గులు మార్చిన చోటుకి జానెడు దూరమండీ" అన్నాను. ఆయన టీ గ్లాసు లోపలికి చూసుకున్నారు.

విప్పక తప్పలేదు. అతుకులో గాలి దూరకుండా వేసే, కాగితంలా పలచని గాస్కెట్టు ఉండాల్సిన చోట వేలు మందాన నల్లటి రబ్బరు ముక్క కనిపించింది. పెట్రోలు తాగి ఉబ్బి, మెత్తబడి, అంచులు అలలు తిరిగి, నానిన పకోడీలా ఉంది. అది కన్వేయరు బెల్టు రబ్బరు. ప్లాంటు తుక్కు వేలం పాడుకున్న కబాడీ దుకాణాల్లో దొరికేది. మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకదాని కింద అది ఉంటుంది. మంచంకోళ్ళ కింద, గ్రైండరు కింద, తలుపు సందులో. ఇనుపరాళ్ళు మోసిన రబ్బరు దేన్నైనా మోస్తుందని మావాళ్ళకి గట్టి నమ్మకం. కార్బురేటరు కడిగినప్పుడు పాత గాస్కెట్టు చిరిగిపోతే బజారుకి వెళ్ళకుండా మా మావగారు తన చేత్తోనే ఉలితో చెక్కి వేశారు. పెట్రోలు తగిలితే రబ్బరు ఉబ్బుతుందని ఆ వాకిట్లో ఒక్కరికీ తట్టలేదు. ప్లాంటు సామాన్ని అనుమానించడం వాళ్ళకి రాదు. నా కాలిని అనుమానించడం వచ్చు.

మా మావగారు ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "రబ్బరు మంచిదే. ఇప్పుడొస్తున్న పెట్రోలే ఏటోలా ఉంటన్నాది" అన్నారు. కోక్ ఓవెన్ పెద్దాయన గొంతు సవరించుకుని, "మేం మిగతావన్నీ చూసీసేం కాబట్టే కదమ్మా, ఇదొక్కటీ మిగిలింది!" అన్నారు. అందరూ అవునన్నారు. కొత్త గాస్కెట్టు పడ్డాక కారు పిల్లిలా నడిచింది. నా కాలి గురించి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు, తప్పయిందని కూడా అనలేదు. సాయంత్రానికి తాళం వంటింటి మేకుకి వేలాడుతూ కనిపించింది. దాని మీద గ్రీజు మరక ఉంటే సబ్బు పెట్టి కడిగాను.

మర్నాడు ఎక్కడా ఆగకుండా నందిని చేరాను. మా అక్క నా వైపు తల తిప్పింది. నడుం కిందికి దిగే జుట్టు మెడ దగ్గరికి అడ్డదిడ్డంగా కత్తిరించి ఉంది. "పడుకుని పడుకుని జడలు కట్టీసింది. పనిమనిషి ఎంతని దువ్వుతాది, కోసీమన్నాను" అంది. నేను ఏదో అనబోయేలోపు తనే, "అలా సూడకే. గాలాడతన్నాది, బాగుంది" అని నవ్వింది. ఆ రోజు ఒళ్ళు తుడిచాక అలవాటుగా దువ్వెన తీసుకున్నాను, రెండు సార్లకే అయిపోయింది. తర్వాత కట్టు విప్పారు, అక్క నడిచింది, జుట్టు కూడా మళ్ళీ పెరిగింది. కాని అది పొట్టిగా, సగం తెల్లగా వచ్చింది. వాకిట్లో ఆ పెద్దమనుషులు టీ తాగుతూ ఖర్చుపెట్టిన కాలం ఎక్కడికి పోయిందని ఎవరైనా అడిగితే, నేను చూపించగలిగింది ఆ జుట్టొక్కటే.