ఉరుము మెత్తబడిందట!

మీరు మా ఉరుము బాబాయిని ఒక్కసారైనా కలిసి తీరాలి. కలవకపోతే మీకొచ్చే నష్టమేమీ లేదు, పైగా చెవులకి క్షేమం. అయినా కలవండి. మా మేడ కిందే ఆయనకి మోటార్ వైండింగ్ షాపుంది. కాలిపోయిన నీళ్ళ మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు అక్కడికొస్తాయి. నల్లబడ్డ రాగి తీగని లాగి పారేసి, కొత్త తీగ చుట్లు లెక్కపెట్టి చుట్టి, వార్నిష్ పోసి ఆరబెడతాడు. తిప్పి చూడకుండా ఏ మోటారునీ గుమ్మం దాటనివ్వడు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత నవ్వుకోవడానికి పనికొస్తుంది.

సాయంత్రం ఆరైతే షట్టర్ సగం దిగుతుంది, అదే షాపులో రాక్ సంగీతం మొదలవుతుంది. బ్యాండు పేరు గునపం. గిటారూ గొంతూ బాబాయివి. డ్రమ్స్ ఆయన బామ్మర్దివి. ఈయన పగలు టైలరు, కుట్టుమిషన్ తొక్కీ తొక్కీ కాలికి పట్టిన వేగాన్ని సాయంత్రం డ్రమ్ముల మీద దులుపుకుంటాడు. బేస్ గిటారు వాయించే వ్యాన్ డ్రైవర్ని అందరూ మౌనం అంటారు. ముప్పై రెండేళ్ళలో ఆయన ఆడిన మాటలు ఒక చేతి వేళ్ళకి సరిపోతాయి. పాపం, మిగతా ఇద్దరూ సందిస్తే కదా.

ఈ కథ మొదలయ్యే నాటికి ఆరు ఆల్బములు. అభిమానులు రెండొందల మంది, అందరూ బాబాయి కోసం ప్రాణమిచ్చే రకం. ఇరుగుపొరుగు కూడా ప్రాణం సంగతే మాట్లాడతారు, కాకపోతే తీసే వైపు నుంచి.

ఇక పిన్ని. కరెంటాఫీసులో ఫిర్యాదుల ఫోన్ దగ్గర ఉద్యోగం. పగలంతా కరెంటు పోయిన జనం అరుపులు వినాలి, ఇంటికొచ్చి కరెంటున్న మొగుడి అరుపులు వినాలి. అందుకే ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఓ చిన్న స్టీలు డబ్బా, అందులో దూది. షట్టర్ దిగిన చప్పుడు కాగానే రెండు చెవుల్లోకి రెండు ఉండలు వెళ్ళిపోతాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన పాట ఒక్కటి పూర్తిగా విన్న పాపాన పోలేదు. ఆయన మాత్రం ప్రతి ఆల్బం అట్ట మీదా "నా భార్యకి" అని అచ్చు వేయిస్తాడు. ఆవిడ చదువుతుంది కూడా. చదవడానికి చెవులక్కర్లేదు కదా.

బాబాయికి ఉన్న కోరిక అదొక్కటే. "మీ పిన్ని ఒక్కటంటే ఒక్క పాట మొదలు నుంచి చివరిదాకా వింటే చాలు, మర్నాడే గిటారు అమ్మేస్తా" అని నాతో ఎన్నిసార్లన్నాడో. వీధి వీధంతా పిన్ని వినాలని కోరుకున్నది అందుకే.

ఆరో ఆల్బం వచ్చిన పన్నెండేళ్ళకి, యాభై ఎనిమిదో ఏట, ఏడో ఆల్బం తలపెట్టాడు. అన్నిటికన్నా వేగంగా, అన్నిటికన్నా గట్టిగా. ఫోన్లో పెట్టు బాబాయ్ అంటే "ఫోన్ స్పీకర్లో ఉరుము దూరదు" అన్నాడు. పాతకాలం నల్ల రికార్డు మీదే వేస్తానని ప్రెస్సుకి పోయాడు. ప్రెస్సాయన ఓపిగ్గా వివరించాడట. నిమిషానికి ముప్పై మూడు చుట్లు తిరిగే రికార్డయితే పాటలు ఎక్కువ పడతాయి, నలభై ఐదు చుట్లదయితే తక్కువే పడతాయి గానీ సౌండు గట్టిగా వస్తుంది అని. "గట్టిగా" అన్న మాట తర్వాత బాబాయ్ ఇంకేమీ వినలేదు.

రికార్డు మీద గాళ్ళని నలభై ఐదు చుట్ల లెక్కకే కోశారు. మధ్యలో అంటించే గుండ్రటి కాగితానికి మాత్రం ఎవరో పాత అచ్చు వాడేశారు. దాని మీద ముప్పై మూడు అని ఉంది. మూడొందల రికార్డులకీ అదే కాగితం. బాబాయ్ ఒక్కటీ వేసి చూడలేదు. ఆయన రికార్డు ప్లేయర్లో మోటారు కాలిపోయి తొమ్మిదేళ్ళయింది మరి. ఊరందరి మోటార్లూ తిప్పే మనిషికి తనది తిప్పుకునే తీరిక దొరకలేదు. తిప్పి చూడందే గుమ్మం దాటనివ్వడని చెప్పానా? ఇక నవ్వుకోండి.

రికార్డులు జనంలోకి వెళ్ళాయి. జనం కాగితం చదివి, ప్లేయర్లో వేగం మార్చే మీట ముప్పై మూడు మీద పెట్టి విన్నారు. అచ్చులో ఉంటే నమ్మడం మనకి పుట్టుకతో వచ్చిన జబ్బు. గొంతు చించుకున్న కేకలు లోతైన మూలుగులయ్యాయి. వేటకుక్కల్లా పరిగెత్తిన డ్రమ్ములు భోంచేసి నడుస్తున్నట్టు నడిచాయి.

మొదట వచ్చింది అభిమాన సంఘం అధ్యక్షుడు. బేకరీలో పొయ్యి దగ్గర పని, ముంజేతి మీద గునపం పచ్చబొట్టు. రికార్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏంటన్నా ఇది?"

"ఏమైందిరా?"

"జోలపాటలన్నా! మా ఆవిడ విని, మీ అన్న ఇన్నాళ్ళకి బాగుపడ్డాడంది. ఇంతకన్నా అవమానం ఉంటుందా? ఇప్పుడు ఈ చేతి మీద గునపాన్నేం చేసుకోను? పక్కన కుండీ గీయించి పూలమొక్క చేయించుకోనా?"

"పొయ్యి వేడికి నీ చెవులు కరిగిపోయాయిరా" అని బాబాయ్ పకపకా నవ్వాడు. తన జీవితంలోకెల్లా గట్టి ఆల్బం చేశానన్న ధీమా ఆయనది.

ఆదివారం పేపర్లో సంగీత విమర్శకుడు అరపేజీ రాశాడు. 'ముప్పై ఏళ్ళు అరిచిన గొంతు ఎట్టకేలకి మాట్లాడటం నేర్చుకుంది. సోల్ అనే మెత్తటి పాశ్చాత్య సంగీతపు చలవ ఈ పాటల నిండా ఉంది. డ్రమ్మరు చేతికొచ్చిన వయసు కూడా అందంగానే వినిపిస్తోంది.' ఇంకో పేపరు మాత్రం 'ఉరుము ముసలిదైతే ఆవలింత' అని ఒక్క ముక్కలో తేల్చేసింది. టైలరు కత్తెర చేత్తోనే పేపరు పట్టుకుని షాపులోకి ఊడిపడ్డాడు.

"చేతికి వయసొచ్చిందా? నా చేతికా? బావా, ఈ అరపేజీ గాడి కొలతలు నా దగ్గరున్నాయి. వచ్చే చొక్కాకి మెడ రెండంగుళాలు తగ్గిస్తా, ఊపిరాడక చావాలి!"

"వెక్కిరిస్తున్నార్రా. మనమంటే కుళ్ళు" అన్నాడు బాబాయ్, ఈసారి కాస్త తక్కువ ధీమాగా.

ఇంతలో వీధి చివర పళ్ళ డాక్టరు పది రికార్డులు కొన్నాడు. అవి పెడితే పేషెంట్లు నోరు తెరిచి మరీ నిద్రపోతున్నారట, పీకడం సులువుగా ఉందట. మెచ్చుకోలు ఏ రూపంలో వస్తుందో ఎవరు చెప్పగలరు?

ఆ వారమే పిన్నికి పన్ను నొప్పి. సెలవు పెట్టి డాక్టరు దగ్గరికెళ్ళింది. మధ్యాహ్నానికి బుగ్గ పట్టుకుని నేరుగా షాపులోకి వచ్చింది. నేను మా ఫ్యాన్ కోసం అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నా.

"ఏమండీ, డాక్టరు దగ్గర పాడుతున్నది మీరేనటగా?"

"ఎవరన్నారు?"

"చీటీలు రాసే అమ్మాయి అట్ట చూపించింది. వెనకాల 'నా భార్యకి' అని ఉంది. ఆ భార్యని నేనేనమ్మా అని చెప్పుకోడానికి మొదటిసారి సిగ్గేయలేదు."

బాబాయ్ చేతిలోంచి రాగి తీగ ఉండ జారి దొర్లుకుంటూ వెళ్ళింది. ఎవరూ తీయలేదు.

"మూడు పాటలు విన్నా. నా వంతొస్తే వెనకాలాయన్ని పంపించి నాలుగోది కూడా విన్నా. ఎవరో నిబ్బరమైన మనిషి పక్కన కూర్చుని, తొందర లేకుండా, నాతోనే చెబుతున్నట్టుంది. ఇలా పాడటం వచ్చుండి ఇన్నేళ్ళూ నా చేత దూది ఎందుకు కొనిపించారండీ?"

అని మేడ మీద వాళ్ళ వాటాలోకెళ్ళిపోయింది. కళ్ళు తుడుచుకుందని నాకు అనుమానం. పన్ను నొప్పికి కాదని ఇంకో అనుమానం.

బాబాయ్ ఆ పూట మా ఫ్యాన్ పక్కన పడేసి తన ప్లేయర్ మోటారు విప్పాడు. ఐదింటికల్లా చుట్టేశాడు. టైలరూ మౌనమూ వచ్చాక రికార్డు పెట్టి, కాగితం మీద ఉన్నట్టే ముప్పై మూడు మీద ముల్లు దించాడు. పాట మొదలైంది. నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బాబాయ్ అచ్చం షాపుకొచ్చిన మోటారుని చూసినట్టే చూశాడు. రికార్డు అంచు మీద సుద్దతో చుక్క పెట్టి, గడియారం చూస్తూ చుట్లు లెక్కపెట్టాడు. ముప్పై మూడు. మోటారు తప్పు కాదు. ప్రెస్సాయన చెప్పిన రెండో లెక్క అప్పుడు తట్టినట్టుంది, మీటని నలభై ఐదుకి తోశాడు.

షాపు కిటికీ అద్దాలు గుర్తుపట్టి వణికాయి.

"అదీ! అదీ నా చెయ్యి!" టైలరు గంతులేశాడు. "బావా, రేపే పేపరోళ్ళకి చెబుదాం పద!"

"ఆగరా. ముందు మీ అక్కకి చెప్పకు."

"అంటే? నా చెయ్యి ముసలిదే అయిపోవాలా?"

"మీ అక్క నాలుగు పాటలు విందిరా" అన్నాడు బాబాయ్. గొంతులో గర్వం ఉంది, ఏడుపూ ఉంది. మౌనం తల ఊపాడు. ఏ పక్షానికి ఊపాడో తేలలేదు.

అక్కణ్ణుంచి బాబాయిది కుడితిలో పడ్డ ఎలుక బతుకు. డాక్టరు పూనుకుని సభా మందిరంలో నూట యాభై కుర్చీలతో కొత్త ఆల్బం కచేరీ ఏర్పాటు చేశాడు. రికార్డులో ఉన్నట్టే పాడాలి కదా. బాబాయ్ గడ్డాన్ని ఛాతీకి ఆనించి, పాతాళంలోంచి గొంతు తోడటం మొదలుపెట్టాడు. వానాకాలం కప్పకి జలుబు చేసినట్టుండేది. టైలరేమో "ఇంత నెమ్మదిగా నా మిషన్ కూడా తొక్కలేను, దారం తెగుతుంది" అని పుల్లలు విసిరేసేవాడు. విమర్శకుడు ఇంటర్వ్యూకొచ్చి "పాటల మధ్య ఆ నిశ్శబ్దాలు ఎలా సాధించారు?" అని అడిగితే, బాబాయ్ నేల చూసి "అవి... వాటంతటవే వచ్చాయండి" అన్నాడు. విమర్శకుడు దాన్ని వినయం అని రాసుకున్నాడు.

ఇంట్లో ఇంకో తంటా. పిన్ని పొద్దున్నే "ఏమండీ, ఆ గొంతుతో ఓసారి టీ అడగండి" అనేది. బాబాయ్ గడ్డం ఆనించి "టీ..." అనేవాడు. ఆవిడ టీ ఇస్తూ నిట్టూర్చేది. "రికార్డులో ఆయనే బాగున్నాడు."

ఆ 'ఆయన' దగ్గరే బాబాయికి మంట మొదలైంది.

"నువ్వే కదా బావా ఆయన!" అన్నాడు టైలరు.

"నేనైతే నాకెందుకురా కుళ్ళు? నిన్న ఆఫీసులో వాళ్ళకి కూడా చెప్పిందట, ఆయన పాడుతుంటే మనసు కుదుటపడుతుందని. ముప్పై రెండేళ్ళు కాపురం చేసింది నేను. నాలుగు పాటల్లో ఎగరేసుకుపోయింది వాడు."

ఎవడిమీదైనా అనుమానపడొచ్చు, నిమిషానికి పన్నెండు చుట్లు తక్కువ తిరిగే తన మీద తనే అనుమానపడ్డ మొగుణ్ణి నేనైతే చూడలేదు.

కచేరీ రోజు పిన్ని ముందు వరసలో కూర్చుంది. రెండు చెవులూ ఖాళీ. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు. ఆవిడ పక్కన డాక్టరు, ఆ పక్కన విమర్శకుడు. చిట్టచివరి వరసలో బేకరీ అధ్యక్షుడు, సంతాప సభకొచ్చినట్టు చేతులు కట్టుకుని.

బాబాయ్ గిటారుతో రాలేదు. ప్లేయరు మోసుకొచ్చి బల్ల మీద పెట్టి, మైకు ముందు నించున్నాడు. గడ్డం ఛాతీకి ఆనించలేదు.

"రికార్డు కాగితం మీద తప్పు పడింది. మీరు విన్నది నిదానంగా తిరిగిన నన్ను. అంత నిదానం మనిషిని నేను కాను, ఎప్పుడూ లేను. మా బామ్మర్ది చేతికి వయసు రాలేదు." కాస్త ఆగి, ముందు వరసని చూసి అన్నాడు. "ఏమే, అది నేను కాదు. ఇదీ నేను."

మీట నలభై ఐదుకి తోసి ముల్లు దించాడు. టైలరు ఆ పాట మీదే డ్రమ్ములు అందుకున్నాడు, మౌనం అందుకున్నాడు, బాబాయ్ పక్కనున్న గిటారు లాక్కుని అరవడం మొదలెట్టాడు. డాక్టరు తన దవడ తనే పట్టుకున్నాడు. సగం మంది చెప్పులు వెతుక్కున్నారు. బేకరీ అధ్యక్షుడు కుర్చీ ఎక్కి, పచ్చబొట్టు చెయ్యి పైకెత్తి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. విమర్శకుడు గబగబా రాసుకున్నాడు. తర్వాతి ఆదివారం 'నిదానం ఒక ముసుగని నాకు మొదట్నుంచీ అనుమానమే' అని అచ్చయింది.

పిన్ని హ్యాండ్‌బ్యాగు తెరిచింది. స్టీలు డబ్బా తీసింది. స్టేజీ మీద బాబాయ్ గొంతు ఓ క్షణం తడబడింది, నేను విన్నా. ఆవిడ ఓ ఉండ తీసి ఎడమ చెవిలో పెట్టుకుంది. రెండో ఉండ చేతిలోకి తీసుకుని కాసేపు దాన్నే చూసింది. తిరిగి డబ్బాలో వేసి మూత పెట్టేసింది. కుడి చెవి ఖాళీగానే ఉంచుకుని చివరిదాకా కూర్చుంది.

ఇంటికి నడుస్తుంటే నేను వెనకే ఉన్నా.

"ఏమండీ, ఆదివారాలు మాత్రం ఆయన్ని పంపించండి. మిగతా రోజులు మీరే ఏడవండి" అంది పిన్ని.

"బాబాయ్, పాట విందిగా, మరి గిటారు ఎప్పుడమ్ముతున్నావ్?" అన్నా.

"ఒక్క చెవితోనేగా వింది. లెక్కలోకి రాదు" అన్నాడు, మొహం నిండా నవ్వుతో. వీధి ఆశ అలా గల్లంతైంది.

టైలరు ఇప్పటికీ బాబాయ్ చేసింది ధర్మం అంటాడు. డాక్టరు ఇప్పటికీ ద్రోహం అంటాడు, ఆయన దగ్గర రికార్డు ఇంకా ముప్పై మూడు మీదే తిరుగుతోంది. నాకే తేలడం లేదు, అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. ముప్పై రెండేళ్ళకి మీ పాట వినడానికి ఖాళీ చెవులతో వచ్చి కూర్చున్న మనిషి ఎదురుగా ఉంది. మీ వేలు మీట మీద ఉంది. మీరైతే తోసేవారా?